పట్టు లేసుల బూట్లు

పెనుకొండ దగ్గర ఒక కంపెనీ స్టోర్సులో ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు. తోలు బూట్లు, అదీ లేసులు కట్టుకునేవే వేసుకుని రమ్మన్నారు. అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. మగ్గం గుంతలో కాళ్లు దించి కూర్చున్నవాణ్నే తప్ప బూట్లెరగను. మగ్గం మీద ఇల్లు గడవడం లేదు. ఈ ఉద్యోగం రాకపోతే నాకు వేరే దారి లేదు.

ధర్మవరంలో ఏవీ నచ్చక హిందూపురం రైలెక్కాను. వద్దంటున్నా నాయన వెంటొచ్చాడు. "నీకు సరుకు చూసేది తెల్దు" అన్నాడు. నలభై ఏళ్లు పట్టుచీరలు నేసిన మనిషి, జన్మలో బూటు తొడగలేదు.

నేను కొనగలిగిన ధరలో అంగట్లో రెండు జతలున్నాయి. ఒకటి అద్దంలా మెరుస్తోంది. రెండోది మెరుపు లేని నలుపు, వేళ్ల మీదుగా అడ్డంగా ఒక కుట్టు, పాతకాలపు పద్ధతి. నా కన్ను మెరిసేదాని మీదే. నేను దాంట్లో కాలు దూర్చి చూసుకుంటుండగా నాయన రెండో జత లేసు కొస పట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. పట్టు అసలుదో కాదో మావాళ్లు అలాగే చూస్తారు. పోగు కాలిస్తే వెంట్రుక కాలిన వాసన రావాలి, బూడిద వేళ్ల మధ్య పొడైపోవాలి. ఆ లేసు కరిగి గట్టి ఉండైంది.

"ఇది దొంగ సరుకు" అన్నాడు, అంగడంతా వినేలా.

"దుడ్లు ఇయ్యకముందే కాలుస్తావేమప్పా!" అంటూ అంగడాయన లేచాడు. "లేసు నైలాను. చూడాల్సింది తోలు!"

జనం నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కాసేపటికి అంగడాయనే చల్లబడి, బూటు లోపలి అంచున తోలు పిసరొకటి కత్తిరించిచ్చాడు. కాలిస్తే వెంట్రుక వాసనే. నాయన మొహం వెలిగిపోయింది.

"ఇదే తీసుకో. ఆ మెరిసేదానికి లోపలంతా గుడ్డే ఉండాది."

ఎదురు చెప్పే ఓపిక లేక అదే కొన్నాను. తిరుగు రైల్లో నాయనకు దూరంగా వెళ్లి కూర్చున్నాను.

ఇంటర్వ్యూ నాటికి బూట్లకు కొత్త లేసులున్నాయి. నైలాను దారానికి నాయన మనసొప్పలేదు. చీరకు పోగా మిగిలిన నల్లపట్టు పేని, అల్లి, కొసలకు మైనం పట్టించాడు. "పట్టు జారతాది, రెండు ముళ్లెయ్" అన్నాడు.

ఇంటర్వ్యూ బాగానే జరిగింది. చివర్లో పెద్దసారు నా కాళ్ల వైపు చూసి, "లేసులు బాగున్నాయే, ఎక్కడివి?" అన్నాడు. అంగట్లో నవ్విన జనం గుర్తొచ్చారు. "బూట్లతో పాటే వచ్చాయి సార్" అన్నాను.

ఉద్యోగం ఇచ్చారు. ఇంటికొచ్చి చెబితే నాయన మగ్గం ఆపాడు.

"లేసులు చూసినారా ఎవురన్నా?"

"సారు చూసినాడు. బాగుండాయన్నాడు."

"నేను చేసినానని చెప్పినావా?"

"చెప్పినా" అన్నాను, వంగి ముళ్లు విప్పుకుంటూ. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"అట్లయితే ఆ సారుకూ ఒక జత పేనుతా. మొదటి దినం తీసకపోయి ఇయ్యి" అన్నాడు.

రెండు దినాల్లో పేనిచ్చాడు. ఆ జత ఇప్పటికీ నా సంచిలోనే ఉంది.