తలగుడ్డలో గుల్లపిల్లలు

ఒక మోకాలు బురదపై జారే చెక్కబల్లమీద ఆనించి, రెండో కాలితో బురదను తోస్తూ వచ్చిన డెబ్బై ఏళ్ల మల్‌సున్ వాగు మలుపు అంచున ఆగింది. ఊరి ఆడవాళ్లతో కలిసి బొల్గ్యో తీరంలో గుల్లలు పెరిగే చోట్లకు రక్షణ పటం గీస్తున్న పరిశోధకుడు కీహ్వాన్ అక్కడ తొడలదాకా బురదలో కూరుకుపోయి ఉన్నాడు.

"చదువు బరువెక్కువైందిరా నాయనా!" అంటూ అతణ్ణి పైకి లాగింది.

"జల్లెడపట్టి చూశాం, ఈ మలుపులో గుల్లల్లేవవ్వా. పటంలోంచి తీసేస్తున్నాం."

అత్తగారు నేర్పినట్టు ఆమె బురద పైపొరను మాత్రం అరచేత్తో తీసి, పల్చటి తలగుడ్డలో కడిగింది. ఆవగింజలంత గుల్లపిల్లలు తడివెలుగులా మిగిలాయి.

"మీ జల్లెడ కన్నాల్లోంచి ఇవి జారిపోయాయి. ఇవి నలిగిపోకూడదనే మేమెవరం ఇక్కడ బల్ల తొక్కం."

కీహ్వాన్ మలుపును హద్దులో కలిపాడు. "ఎవరు చెప్పారని రాయను?"

"మా అత్త పేరు రాయి. కింద నాది. చిన్నక్షరాల్లో మాత్రం కాదు!"