కోయని ఓట్స్ వరస

షుగరు వచ్చాక రోజూ ఓట్స్ జావ తాగుతున్నాను గాని, ఆ పైరు ఎలా ఉంటుందో నాకు తెలియదు. మాది శ్రీకాకుళం. పోయిన మాఘమాసంలో చీమకుర్తి దాటాక మా బస్సు చెడిపోతే, మిరప చేల మధ్య గోధుమలా కనిపించిన పైరు దగ్గరికి నడిచాను.

"ఓట్సండి. గేదెల మేత," అన్నాడు రైతు ఏసుదాసు. గ్రానైటు క్వారీలో రాళ్లకు రంధ్రాలు వేసే పని చేసి చెవులు పోగొట్టుకున్నాడట. నా పెదాలు చూసి జవాబు చెబుతున్నాడు.

"పూతకు ముందే కోసి నీళ్లు పెడితే మళ్లీ చిగురేస్తుందండి. గట్టు పక్కన ఈ వరస మాత్రం కొయ్యను. క్వారీలో తొలి మందు పేలగానే ఈ కంకులు వణుకుతాయి. ఇటు రాళ్లు ఎగిరి పడేలోపు గేదెల్ని తోలుకుపోతాను."

అతను చెబుతుండగానే వేలాడే కంకులన్నీ ఒక్కసారి వణికాయి. గాలి లేదు. పక్కన మిరప ఆకు కూడా కదల్లేదు.

"పేలిందాండి?" అని నా ముఖంలోకి చూశాడు.

"లేదు. ఏ చప్పుడూ లేదు."

వంగి నేలమీద అరచెయ్యి పెట్టాను. నేల నిశ్చలంగా ఉంది. కంకులు మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

ఏసుదాసు గేదెల పలుపులు విప్పాడు. "ఇవాళ ఆదివారమండి, క్వారీకి సెలవు. మా తమ్ముడు సెలవైనా ఓ ఆదివారం మందు పేల్చే పనికెళ్లి ఆ క్వారీ గుంతలోనే ఉండిపోయాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఈ వరస ఇలాగే వణుకుతుందండి. ఎవరొచ్చినా ఇదే అడుగుతాను. పేలిందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు."