చింతపండుతో తోమిన బిళ్ళ

మా ముత్తాతగారు పద్దెనిమిది గ్రామాల జమీందారు. మా దివాణం నుంచి కబుర్లు మోయడానికి ఛాతీమీద దివాణం ఇత్తడి బిళ్ళ తగిలించుకునే బిళ్ళ బంట్రోతులు పన్నెండుమంది ఉండేవారు. నేను మాత్రం 1983లో, ఒహాయోలోని ఒక మ్యూజియంలో మెటల్ కన్జర్వేటర్‌ని. పాత లోహపు వస్తువులు మరింత పాడవకుండా కాపాడటం నా పని.

ఆ వేసవిలో తెలుగు డాక్టరు అప్పారావుగారు, పోయినవాళ్ళ ఇంటి సామాను అమ్మే ఎస్టేట్ సేల్‌లో కొన్న ఇనుప బిళ్ళ ఒకటి తెచ్చారు. అరచేతంత ఉంది, గుండ్రంగా, పైన తగిలించుకునే కొక్కెంతో. ఎక్స్‌రే తీస్తే తుప్పు కింద వెండి అక్షరాలు కనిపించాయి. అది పైజా. మంగోలు ఖాన్‌ల దూతల అధికార చిహ్నం. అది చూపిస్తే దారి పొడుగునా మారు గుర్రం, తిండి, బస ఇచ్చి తీరాలి. కాదన్నవాడికి చావే.

"సోమవారం క్యూరేటర్ చూస్తారు. ఒప్పుకుంటే ఎగ్జిబిషన్‌లో మీ పేరుతో పెడతాం" అన్నాను.

"అయితే ఈ వీకెండ్ ఇంట్లో ఉంచుకుంటానండీ. అమ్మకి చూపించాలి."

పరీక్షకు తీసుకున్న వస్తువును మధ్యలో ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు. మనవాడు, పెద్దమనిషి అని ఇచ్చేశాను.

సోమవారం తల్లిని వెంటబెట్టుకొచ్చి తువ్వాలు విప్పారు. బిళ్ళ తళతళలాడుతోంది. తుప్పుతోపాటు వెండి అక్షరాలు సగానికి పైగా ఊడిపోయాయి.

"ఎవరు చేశారిది?"

"నేనే బాబూ. చింతపండూ ఉప్పూ వేసి తోమాను" అందావిడ.

"నీకెవరు చెప్పారమ్మా!" అన్నారు డాక్టరుగారు, తల పట్టుకుని.

"ఒకరు చెప్పాలేంట్రా? మా నాన్న తాలూకాఫీసులో బిళ్ళ బంట్రోతు. కబురు మోసేవాడిది కాకపోతే దీనికి కొక్కెం ఎందుకు? మాసిన బిళ్ళేసుకుని వెళ్తే వాడి మాట ఎవడు వింటాడు?"

నాకు ఎక్స్‌రే కావలసి వచ్చింది. ఆవిడకు కొక్కెం చాలింది.

క్యూరేటర్ ఒప్పుకోలేదు. ఊడిపోయిన అక్షరాలు ఇప్పుడు నేను తీసిన ఎక్స్‌రే ఫిల్మ్‌లోనే ఉన్నాయి. తప్పు ఆవిడది కాదు. డాక్టరుగారికి తుప్పు గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను గాని, కడగొద్దని ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి ఎవరు ఏ వస్తువు తెచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే. ఇంట్లో దీన్ని తుడిచేదెవరు?

వెళ్ళేటప్పుడు ఆవిడ నా ఇంటిపేరు అడిగి, చెప్పగానే చేతులు జోడించింది.

"మా తాలూకా దివాణం వారా! మీ బిళ్ళలు భద్రంగా ఉన్నాయా బాబుగారూ?"

"ఉన్నాయమ్మా" అన్నాను.

జమీందారీ రద్దయిన మరుసటి ఏడాది మా నాన్నగారు పన్నెండు బిళ్ళలనూ కంచరికి తూకానికి అమ్మేశారు.