పేరెత్తని గుట్ట

ఎల్లారెడ్డి దాటాక అడవి అంచున ఉన్న తండాలో మేఘి అందరికంటే పెద్దది. ఎదురుగా కనిపించే గుట్టకేసి ఆమె వేలు చూపించడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. తండా మొదట ఆ గుట్ట మీదే ఉండేది. మేఘి పసితనంలో అక్కడ గత్తర సోకి జనం రాలిపోతుంటే, తండా పెద్ద అయిన ఆమె తండ్రి ధర్మ్యా మిగిలినవాళ్ళను కిందికి దింపాడు. ఆ చోటి పేరెత్తితే రోగం వెంట దిగివస్తుందని అందరిచేత మేరామ్మ తల్లి మీద ఒట్టు వేయించాడు.

కాగితం ఏ ఒట్టూ వేయలేదు. ఈ వానకాలం అటవీ అధికారి ఒకాయన వచ్చి జీపు బానెట్ మీద పాత సర్వే పటం పరిచాడు.

"ఇందులో ఇక్కడ తండా లేదు. గుట్ట మీద మాత్రం ఇండ్లున్నయి. ధర్మ్యా తండా అని రాసుంది. వాళ్ళెవరు?"

అందరూ తలలు దించుకున్నారు. మేఘి కొడుకు భీమ్‌సింగ్ నోరు తెరవబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయాడు.

"అయితే మీరు బయటి నుంచి వచ్చినోళ్ళే. అట్లనే రాస్తున్న. పొలాలు ఖాళీ చేయాలె."

మేఘి ఇంట్లోకి వెళ్ళింది. జ్వరంతో మూలుగుతున్న మనవరాలు భూమిక నుదుటి మీద చాలాసేపు చెయ్యి ఉంచి, బయటికి వచ్చింది.

"వద్దు యాడీ," అన్నాడు భీమ్‌సింగ్, తల్లికి అడ్డం వస్తూ.

ఆమె కొడుకును పక్కకు నెట్టి, గుట్టకేసి చెయ్యెత్తింది.

"ధర్మ్యా తండా మాదే. ధర్మ్యా మా బాపు. నా అన్నలిద్దరు ఇంకా ఆడనే ఉన్నరు, మట్టిల. మేం యాడికెల్లి వచ్చినమో పోయి వాళ్ళనడుగు."