అందరికీ అన్న నంబరే

యూనివర్సిటీలో కంప్యూటర్ల విభాగం చూస్తానంటే మా చుట్టాలు ప్రింటర్లు బాగుచేస్తాననుకుంటారు. అదీ చేస్తాను, వేరే సంగతి. ఇంటర్నెట్ రాకపోయినా నేనే, ప్రొఫెసర్‌గారు పాస్‌వర్డ్ మర్చిపోయినా నేనే. కరెంటు పోయినా అందరూ నా వైపే చూస్తారు. విద్యార్థుల కోసం కొత్త పోర్టల్ పెట్టిన ఏడాది మాత్రం నేనూ కాస్త గర్వంగానే తిరిగాను.

ఆ పోర్టల్‌కు పట్టుబట్టి ఒక నియమం పెట్టించాను. లోపలికి వెళ్లాలంటే విద్యార్థి ఫోన్‌కు ఓటీపీ రావాలి. నంబరు మార్చుకోవాలన్నా పాత నంబరుకే ఓటీపీ వస్తుంది. మధ్యలో మేము కూడా వేలు పెట్టలేం. "ఎవరి తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండాలి" అని మీటింగులో చెప్తే అందరూ తలూపారు.

కొన్నాళ్లకే తెలిసింది, బోధన్ వైపు పిల్లల్లో చాలామందిది ఒకే నంబరని. ఇదేదో పెద్ద మోసమని ఒళ్లు మండిపోయింది. వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేశాను. అవతల ఒక ఇంటర్నెట్ సెంటర్ నడిపే మనిషి. నా కేకలన్నీ విని తాపీగా చెప్పాడు.

"మోసం గాదు మేడం. పోరగాండ్ల సిమ్ములు ఊకె మారుతయి. ఇంట్ల ఒక్కటే ఫోనుంటది, గది బాపు తోని పొలానికి పోతది. గందుకే ఫారం నింపేటప్పుడు అందరికీ నా నంబరే వెడ్త. మెసేజ్ రాంగనే పిలిచి చెప్త."

చుట్టుపక్కల పల్లెల పిల్లలందరికీ అతను అన్న. ఆఖరి తారీకు దగ్గరపడితే షాపు అద్దం మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసిపెడతాడట. అయినా నా కోపం తగ్గలేదు. ఒక్కొక్కరికీ ఒక్కో నంబరుండాలి, పద్ధతంటే అది. సెలవుల్లో అన్నీ మార్పించాలనుకున్నాను.

అంతలో పీజీ సీట్లు ఖాయం చేసుకునే ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నం రెంజల్ దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది. కెమిస్ట్రీలో సీటొచ్చింది. సాయంత్రం ఐదులోపు పోర్టల్‌లో ఒప్పుకోకపోతే అది ఇంకొకరికి పోతుంది.

"అన్న ఫోను బందున్నది మేడం. షాపు గూడ బందే. వాళ్ల అవ్వ పోయిందట. అస్థికలు గంగల కలుపుతందుకు ఇయ్యాల కందకుర్తి పోయిండ్రట."

"మరి కందకుర్తి ఇక్కడికంటే మీకే దగ్గర కదా, అక్కడికే పోకపోయావా?"

"దుఃఖంల ఉన్నోన్ని ఓటీపీ చెప్పుమని ఎట్లడుగుదు మేడం?" అంది.

పోర్టల్ తయారుచేసిన వాళ్లకు హైదరాబాద్ ఫోన్ చేశాను. "పక్కదారి ఏదీ ఉండొద్దని మీరే కదా మేడం అన్నారు" అన్నారు. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడటమంటే ఇదే. అమ్మాయిని కారెక్కించుకుని బయల్దేరాను. బోధన్ దాటాక ఆ పిల్ల అంది. "ఈయేడు సీటు వోతె బాపు మళ్ల సదివియ్యడు మేడం."

కందకుర్తిలో గోదావరిలో ఇంకో నది కలిసేచోట మెట్ల మీద వాళ్ల కుటుంబం కూర్చునుంది. తల్లి కోసం అప్పుడే గుండు చేయించుకుని తెల్లపంచెలో ఉన్నాడతను. గొంతు తప్ప తెలియని మనిషిని మొదటిసారి అలా చూశాను. అమ్మాయి నా వెనక్కి జరిగింది.

అతనే మమ్మల్ని చూశాడు. "నువ్వు రెంజల్ దిక్కు పిల్లవు గదా? అరె, ఇయ్యాలనే గదా ఆఖరి తారీకు!" అని లేచాడు. సంచిలోంచి ఫోన్ తీసి ఆన్ చేశాడు. అది ఆగకుండా మోగింది, పొద్దుటి నుంచి ఎంతమంది పిల్లలు ప్రయత్నించారో. నేనెవరో చెప్పి, నా ఫోన్‌లో అమ్మాయి పేరున లాగిన్ నొక్కాను. కొత్త అంకెలు వచ్చాయి. ఒక్కొక్కటే చదివి చెప్పాడు. సీటు ఖాయమైంది. అమ్మాయి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. నాకూ కళ్లనిండా నీళ్లొచ్చాయి.

పంతులు పిలుస్తున్నాడు. ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. వాళ్ల పెద్దన్న కసిరాడు. "బంద్ జెయ్యరా! ముందుగాల అవ్వ పని కానియ్యి."

అతను ఆపలేదు. ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఐదింటి దాక పోరగాండ్లు చేస్తనే ఉంటరు మేడం. జర మీరు చెప్పుండ్రి." అస్థికల ముంత పట్టుకుని నీళ్లలోకి దిగాడు.

అలా నేను గోదావరి ఒడ్డున కూర్చుని ఓటీపీలు చదివాను. వాటిని ఎవరికీ చెప్పరాదని పోర్టల్‌లో ఎర్రక్షరాలతో రాయించిందీ నేనే. పిల్లలు "అన్నా" అని మొదలుపెట్టి నా గొంతు వినగానే బెదిరిపోయేవాళ్లు. "అన్న నీళ్లల్లో ఉన్నడు, రాసుకో" అనేదాన్ని. ఆడగొంతు, అందులోనూ గదమాయింపు, పాపం కిక్కురుమనకుండా రాసుకునేవాళ్లు.

ఇంకో మెసేజ్ వచ్చింది. అంకెల కోసం వెతికాను. ఓటీపీ కాదు. దవాఖాన నుంచి. రేపు పొద్దున డయాలసిస్ ఉంది, పేషెంటుతో పాటు ఒకరు రావాలి అని. వాళ్ల అవ్వ పేరు మీద దవాఖానలోనూ ఈ నంబరే ఇచ్చాడు. ఆమె ఇక రాదని అక్కడి కంప్యూటర్‌కు ఇంకా ఎవరూ చెప్పలేదు. మనిషి చేయి పడకుండా వాటంతటవే వెళ్లే ఇలాంటి మెసేజులు నేనూ ఎన్నో పెట్టించాను.

నడుములోతు నీళ్లలో, ఖాళీ ముంతతో అతను ఇటు తిరిగాడు.

"ఎవలది మేడం?" అని కేకేశాడు.

అమ్మాయి నా భుజం మీదుగా చదివేసినట్టుంది. నా చేయి గట్టిగా పట్టుకుంది.

"నీది కాదన్నా," అన్నాను. "నువ్వు మునుగు."