పొట్టి కాలు వీధి

దోహాలో నేను పేషెంట్ల ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేస్తాను. కిందటేడు అల్ వుకైర్‌లో ఒక ఎస్టోనియా దంపతుల ఇంటికి వెళ్ళేదాన్ని. ఆయన ఇంజనీరు. ఆవిడకు పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ చచ్చుబడ్డాయి. మాట పడిపోయింది. భర్త పేరు కూడా పలకలేకపోయేది.

ఒకరోజు గోడ పట్టించి నడిపిస్తుంటే ఆవిడ నోటి నుంచి స్పష్టంగా "సాయకాంగ్" అని వచ్చింది. వంటింట్లో ఉన్న ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"అది మా తాలిన్‌లో ఓ వీధి! తెల్ల రొట్టెల సందు అని అర్థం. ఒకప్పుడు అక్కడ రొట్టెలు కాల్చేవాళ్ళు ఉండేవారట. చిన్నప్పుడు తను బడికి ఆ దారినే వెళ్ళేది."

ఆ తర్వాత నడిపించినప్పుడల్లా ఏదో ఒక వీధి పేరు వచ్చేది. "రతస్‌కయెవు" అంటే గిలక బావి. ఆ బావిలో నీటి దయ్యం ఉందని పూర్వం జనం పిల్లుల్ని పడేసేవారట. "లూహికె యల్గ్" అంటే పొట్టి కాలు, కొండమీదికెక్కే దగ్గర దారి. పొడుగు కాలు అని ఇంకో దారి ఉంది.

"ఒక కాలు పొడుగు, ఒకటి పొట్టి. అందుకే మా ఊరిది కుంటినడక అంటారు" అని నవ్వబోయి, ఈడుస్తున్న భార్య కాలు చూసి ఆయన ఆగిపోయాడు.

పేర్లు వస్తున్నాయంటే మాటలూ వస్తాయని నేనూ ఆశపడ్డాను. నన్ను కారులో తీసుకెళ్ళే డ్రైవర్‌ది జగిత్యాల వైపు. "అక్కా, ఆ అమ్మకు మాటలొస్తున్నయా?" అని అడుగుతుండేవాడు. మెల్లగా వస్తున్నాయంటే, "మాఫీ ముష్కిల్ అక్కా, ఏం ఫికర్ లేదు, అన్నీ వస్తయి" అనేవాడు.

రాలేదు. రెండోసారి స్ట్రోక్ వచ్చాక ఆ పేర్లు కూడా పోయాయి. ఆయన ఆవిడ చెవి దగ్గర వంగి "లూహికె..." అని అందించేవాడు. ఆవిడ పెదాలు కదిపేది, గాలి మాత్రమే బయటికొచ్చేది. కొన్నాళ్ళకు ఆయన అందించడం మానేశాడు. నా ముఖం చూసి డ్రైవర్ కూడా అడగడం మానేశాడు.

ఎండలు ముదిరాక ఆ భర్త ఉద్యోగం వదిలేసి ఆవిణ్ణి వాళ్ళ దేశం తీసుకెళ్ళిపోయాడు. ఒక సాయంత్రం ఫోన్ చేశాడు.

"చక్రాల కుర్చీలో ఆ వీధులన్నీ తిప్పాను. ప్రతి బోర్డు కిందా ఆగి చదివి వినిపించాను. ఎవరిదో ఊరు చూసినట్టు చూసింది."

"ప్రయాణంలో అలిసిపోయి ఉంటారు. ఇంకోసారి తీసుకెళ్ళండి."

"రోజూ తీసుకెళ్తూనే ఉన్నాను."

కాలికి వ్యాయామం మానొద్దని చెప్పబోతుండగా అటువైపు ఆవిడ దగ్గు తెరలు తెరలుగా వినిపించింది. ఆయన ఫోన్ పెట్టేశాడు.