వంగిన వరుస

కోపం నాకు ముక్కు మీదనే ఉంటది. భయమైతే ఇంకింత ఎక్కువైతది. ఆ ఆదివారం వనపర్తి దుకాణంల అంతగనం లొల్లి పెట్టుకున్ననంటే, లోపల ఎంత భయపడుతున్ననో ఇప్పుడు అర్థమైతుంది.

భయం కండ్ల గురించే. మా నాయిన గద్వాలల చీరెలు నేసేటోడు. పట్టు అంచును నూలు చీరెతోని మగ్గం మీదనే కలపాలె. పోగు జర పక్కకు పోయినా చీరె పనికి రాదు. అందుకే నేత మొదలుపెట్టే ముందు ఒక కన్ను మూసి, రెండో కంటితోని నిలువు పోగుల పడుగును పొడుగూత చూస్తుండె, పోగులు తిన్నగున్నయా లేదా అని. ఒక యేడు ఆయనకు పోగులు నడుమల వంకరగ కనపడుడు మొదలైంది. ఏం జేసిండు? పడుగు మంచిగ లేదని నూలిచ్చే సేటుకు వాపస్ పంపిండు. ఇంకోటి తెప్పిచ్చిండు, అదీ వాపసే. నన్ను మోసం చేస్తుండ్రని ఇల్లు పీకి పందిరేసిండు. ఆఖరుకు దవాఖానకు పోతే, చానా ఆలస్యమైందన్నరు. ఇప్పుడు ఎదురుంగ ఉన్న మనిషి మొఖం ఆయనకు కనపడదు, పక్కకున్న గోడ కనపడుతది.

చూపు పోయినంక నాయిన నాతోనే నాగర్‌కర్నూల్ల ఉంటుండు. నేను బిజినేపల్లి దిక్కు ఒక బడిల తెలుగు చెప్త. పాఠాలు, గైడ్లు అన్నీ ఫోన్లనే. ఇంటికొచ్చి కథలు చదువుకునుడు సుత ఫోన్లనే. ఈ మధ్య సాయంత్రమయ్యేసరికి కండ్లు మండుతున్నయి, అక్షరాలు ఊగుతున్నయి. డాక్టరుకు చూపిచ్చుకో అని బడిల అందరూ అన్నరు. చూపిచ్చుకుంటే ఏం చెప్తరో అని పోలే. దాని బదులు ఈ-రీడర్, అదే పుస్తకాలు చదివే పలక, కొందామనుకున్న. కాయితం లెక్కనే ఉంటదట, కండ్లల్ల వెలుగు కొట్టదట. అది కొంటే అన్నీ బాగైతయని నాకు నేనే చెప్పుకున్న.

వనపర్తిల ఒక దుకాణపాయన రెండు రకాలు తెప్పిచ్చి పెట్టిండు. నాయిన నేనూ వస్త అంటే తోలుకపోయిన. చిన్నది చేతిసంచిల పడుతది, కథలకు మంచిగుంది. కాని పాఠం పేజీ దాంట్ల చీమల బారే. పైగ తెలుగు పుస్తకం తెరిస్తే ఒత్తులన్నీ ఊడి పక్కకు పడ్డయి.

"తెలుగు చదవరాని పలక తెలుగు పంతులమ్మకెందుకయ్యా?" అని గయ్యిమన్న.

పెద్దదాంట్ల ఒత్తులు సక్కగున్నయి, పేజీ పూరా వస్తది. పిల్లల నడుమ కింద పడితే గోవిందా, అది వేరే సంగతి. దాన్ని పట్టుకొని గడప తానకు పోయిన. ఏ బట్టనైనా ఎండల చూడంది కొనొద్దని మా ఇంట్ల నేర్పిన బుద్ధి. ఎండల అక్షరాలు ఇంకింత నల్లగ, ముద్దుగ కనపడ్డయి. పానం లేసొచ్చింది. ఆ సంబురంల, ఇంటి అలవాటున, ఎడమ కన్ను మూసి వరుస పొడుగూత చూసిన.

నడుమల వరుస వంగింది.

"ఇది ఖరాబ్ పీసు. వరుసలు వంకరున్నయి," అన్న.

దుకాణపాయన వచ్చి చూసిండు. "మంచిగనే ఉన్నయి కద మేడం?"

"నాకు కండ్లు లేవా? వాపస్ తీస్కో, వేరేది తియ్యి."

పాపం, సీలు ఇప్పి ఇంకోటి ఇచ్చిండు. మళ్ల ఎడమ కన్ను మూసి చూసిన. అదే తాన, అదే వంకర. "ఇదీ ఖరాబే! మమ్మల్ని మోసం చేద్దామనుకుంటుండ్రా?" అని గొంతు లేపిన. కుర్చీల కూసున్న నాయిన తల ఎత్తిండు. అప్పుడు నా మాటలు నా చెవులకే తగిలినయి. వాపస్ తీస్కో, మోసం. అవి నా మాటలు కావు, మగ్గం ముందల కూసోని నాయిన అన్న మాటలు.

మెల్లగ ఎడమ కన్ను తెరిచి కుడిది మూసిన. వరుసలు తిన్నగున్నయి. మళ్ల ఎడమది మూసిన. వంగినయి. ఇంకోసారి వస్తనని పలక ఆయన చేతిల పెట్టి బయటికొచ్చిన.

నాయినకు ఏం చెప్పొద్దనుకున్న. బస్సుల పక్కపక్కన కూసున్నం. బిజినేపల్లి దాటినంక నాయిన మొఖం కిటికీ దిక్కు తిప్పిండు. ఆయన నన్ను చూడాలంటే గట్లనే, మొఖం పక్కకు పెట్టాలె.

"ఏ కన్ను బిడ్డా?" అన్నడు.

"ఏంది నాయినా?"

"నాకు ముందుగాల ఎడమది పోయింది. నీకేది?"

బస్సుల అందరూ చూస్తుంటే బోరుమని ఏడ్చిన. నాయిన నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు.

తెల్లారి బడికి పోకుండ దవాఖానకు పోయినం. నాయినకొచ్చిన రోగమే, నాకు కుడి కంట్ల మొదలైంది. కంట్లకు సూది ఇచ్చిండ్రు. కంట్లకు సూది అంటేనే పానం సగం పోయింది. "సమయానికి వచ్చినవమ్మా. వంగింది తిన్నగ కాకపోవచ్చు, పెరగకుండ చూద్దాం. జర పెరిగినట్టు అనిపిచ్చినా వెంటనే రావాలె," అన్నరు డాక్టరమ్మ.

నేను తిట్టిపోసిన ఆ పెద్ద పలకనే మళ్ల పోయి తెచ్చుకున్న. బడికీ అదే, కథలకూ అదే. పొద్దున లేస్తే గడపల నిలబడి ఎడమ కన్ను మూసి ఒక వరుస చూస్త. నాయిన చాయ్ గిలాస పట్టుకొని ఎదురుచూస్తడు.

"పెరిగిందా?" అంటడు.

"లేదు," అంటే అప్పుడు తాగుతడు.

ఇయ్యాల చూసిన. కన్ను నులుముకొని మళ్ల చూసిన. పేజీ మార్చి చూసిన. పలక ఖరాబైందేమో అన్న మాట నాలుక మీదికొచ్చింది. నాయిన చేతిల చాయ్ చల్లారిపోతుంది.

"పెరిగిందా బిడ్డా?"

"చెప్పులేసుకో నాయినా," అన్న. "దవాఖానకు పోదాం."